తొమ్మిది గుంటలు

మొదటి షిఫ్టు సైరను ఇంకా చెవిలో ఉండగానే
మొదటి టీ మీద నిలబడ్డాను.
చంకలో అట్ట, అట్టకు కాగితాలు,
సంచిలో ఐదే ఐదు కర్రలు,
అందులో ఒకటి ఎవరో పాత మేనేజరు
బదిలీ అయి పోతూ మరిచిపోయింది.

ఆడి చూసి రాయమంది కంపెనీ:
ఏ గుంట ఉండాలి, ఏది పోవాలి,
ఇసుక ఎంత, చెట్టు ఎంత, నీడ ఎటు.
పుణె నుంచి వచ్చిన కొత్త నక్షలో
గ్రీన్లన్నీ పచ్చటి మూత్రపిండాలు.
గోదావరిఖనిలో ఇంతవరకు
గ్రీన్ అన్నదే ఎవరూ చూడలేదు.
ఉన్నది బ్రౌను.
గోదారి ఇసుక జల్లెడ పట్టి
లారీల కాలిన ఆయిలు కలిపి
జొన్నరొట్టెలా చరిచిన నేల.

సంచి మోసేది ఓదెలు.
ముప్పై ఒక్క ఏండ్ల నుంచి మోస్తున్నాడు.
రెండో గుంట కాడనే తేల్చేశాడు:
"సారూ, మీరు బంతిని కొడ్తలేరు, బెదిరిస్తున్నరు."

రాసుకున్నాను.
ఒకటి: తిన్నగా ఉంది. కుడి పక్క నల్లమద్దులు. ముట్టొద్దు.
రెండు: బంకరు అనవసరం.
(అందులోనే నాలుగు దెబ్బలు పోయినయి,
ఈ తీర్పును మరొకరు చూడాలి.)

మూడో దాని నడుమ నేల
నిండు బిందె ఎత్తిన చోట ఇసుకలా దిగి ఉంది.
నక్షలో "సహజమైన ఒంపు" అని రాశారు.
సర్వేయర్ని, నాకు తెలుసు.
రెండు వందల అడుగుల కింద పాత నాలుగో బాయి.
బొగ్గు కంబాలు ఒక్కొక్కటే తీసుకుంటూ
మేం వెనక్కి వచ్చేశాం.
పైనున్న నేల పదేళ్లు ఆలోచించి
మెల్లగా కూర్చుంది.
ఆ గదుల కొలతలు నా చేతిరాతలో ఉన్నాయి.
పుణె ఆయనకన్నా ముందే
ఈ మైదానాన్ని కింది నుంచి మార్చి గీశాం.

నాలుగో బ్రౌను మీద ఓదెలు సంచి దించాడు.
"గిది మా నాయినది. పదమూడు గుంటలు."
నేను స్కోరుకార్డు తిప్పి చూశాను.
ఉన్నవి తొమ్మిదే కదా.
అతను నా ముఖం చూసి నవ్వాడు.
"ఆ గుంటలు కాదు సారూ, నలబైకి ఎకరమయ్యేటియి.
ఈ ఇసుకల పల్లికాయ ఎట్లుండేదంటరు!
పీకితె వేర్లకు మన్నే అంటకపోవు."
వంగి, అరచేత్తో నేలను అలా రాసి,
"ఎడమకు రెండు బెత్తెలు పట్టుండ్రి.
నీళ్లు ఎటు పారేటియో బంతి గూడ అటే పోతది."
పోయింది. పడింది.
ఆ పొద్దుటికి నాకదొక్కటే పార్.

ఆరో బంకరులో నా బంతి పక్కన
మచ్చల గుడ్లు మూడు.
తీతువు నెత్తి మీద తిరుగుతూ తిట్టింది.
అది అరిస్తే కీడంటారు,
దాని లెక్కలో ఆ కీడు నేనే.
బంతి తీసి జేబులో వేసుకున్నాను,
కార్డు మీద గీత పెట్టుకున్నాను.
నక్షలో ఈ బంకరు పూడిక జూన్ మొదటి వారం.
పిల్లలు నడిచేదాకా ఆగాలి అని రాసి
రెండుసార్లు కింద గీటు గీశాను.

ఏడు, ఎనిమిది గుర్తు లేవు. ఎండ.
తొమ్మిదోది అయ్యాక ఓదెలు
గోనెసంచికి కట్టిన తాడు భుజాన వేసుకుని
బ్రౌను చుట్టూ లాగాడు, బయటి నుంచి లోపలికి,
మా అడుగులు, బంతి జాడ, నా తప్పులు
ఒక్కో చుట్టుకూ మాయమవుతూ.
"గడ్డి ఏసినంక ఈ గోనెకు పనుండదేమో సారూ?"
కాగితంలో దానికి గడి లేదు.
మొత్తం యాభై ఎనిమిది దెబ్బలని చెప్పాను.
"అరవై ఒకటి," అన్నాడు, తాడు చుట్టుకుంటూ.

ఇంటికొచ్చి బూట్లు దులిపితే
గడప ముందర చిన్న ఇసుక కుప్ప.
రాత్రి రిపోర్టు సాపు రాశాను.
నాలుగో గుంట గడి చివరిదాకా ఖాళీగానే ఉంచి,
కరెంటు పోయి వచ్చాక, ఇట్లా నింపాను:
వాలు కొలవనక్కర్లేదు. ఓదెలును అడగండి.